పరీక్షించకుండా ఆమెన్ అనడం ఎలా?

మా ఒంగోలు వైపు ఎక్కడ స్వస్థత మహాసభలు పెట్టినా, వాలంటీరు బ్యాడ్జీ మెళ్లో వేసుకుని తిరిగేవాళ్లలో నేనొకణ్ణి. కుర్చీలు సర్దడంతో మొదలుపెట్టి సాక్ష్యాల కాగితాలు రాసే స్థాయికి ఎదిగాను. ఇరవై ఏళ్ల సర్వీసు. ఇన్నేళ్లలో ఎందరు దైవజనులు ఫ్లెక్సీల మీదికి ఎక్కారో, వాళ్లలో ఎందరు చప్పుడు లేకుండా దిగిపోయారో లెక్కపెట్టలేదు. ఒకాయన దిగిపోయినప్పుడల్లా మావాళ్లు రెండు రోజులు గుసగుసలాడుకుని, మూడో రోజు కొత్తాయన తేదీలు ఖాళీగా ఉన్నాయా అని ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ చాలాసార్లు నాదే. ఈమధ్య కుర్రాళ్లు కొందరు బైబిలు చదివి మరీ ప్రశ్నలు అడుగుతున్నారు. పెద్దవాళ్లకి ఇబ్బందిగా ఉంటోంది. కుర్రాళ్ల మేలు కోరి నాకు తెలిసిన మెలకువలు కొన్ని రాసిపెడుతున్నాను.

మొదట ఫ్లెక్సీ చూసి అంచనా వేయడం నేర్చుకోండి. దైవజనుడి బొమ్మ ఎంత పెద్దదైతే అభిషేకం అంత ఎక్కువ. క్రీస్తు బొమ్మ మూలన తపాలా బిళ్లంత ఉంటే కంగారుపడొద్దు, ఆయన ఎలాగూ అందరికీ తెలిసినవాడే. 1906లో లాస్ ఏంజిలెస్‌లో అజూసా వీధి ఉజ్జీవాన్ని నడిపించిన విలియం సేమోర్‌కి ఈ సంగతి తెలియదు పాపం. ఒకప్పుడు బానిసలుగా బతికినవాళ్ల కొడుకు. గుర్రాలశాలగా కూడా వాడిన పాత భవనంలో, ఖాళీ చెప్పుల పెట్టెలు ఒకదానిమీద ఒకటి పెట్టుకుని, సభ జరుగుతుండగానే పై పెట్టెలో తల దూర్చి ప్రార్థన చేసుకునేవాడట. కానుక పళ్లెం తిప్పేవాళ్లు కాదు, ఇవ్వదలుచుకున్నవాళ్లు గుమ్మం దగ్గరున్న పెట్టెలో వేసి పోవడమే. ఈనాడు లోకమంతటా కోట్లమంది పెంతెకొస్తు విశ్వాసులు ఆ గదినే తమ పుట్టిల్లంటారు. ఆయనకి మనం ఫ్లెక్సీ కట్టాలంటే ఏ బొమ్మ వేయాలి? చెప్పుల పెట్టెదా?

రెండోది. ఎవరైనా దైవజనుడి నడవడి గురించి నోరెత్తితే, అభిషిక్తుల జోలికి పోకూడదని గట్టిగా చెప్పండి. సౌలు అంగీ చెంగు కోసినందుకే దావీదు ఎంత మథనపడ్డాడో గుర్తుచేయండి. అయితే కథ అక్కడితో ఆపాలి. ఆ దావీదే గుహలోంచి బయటికొచ్చి, వేలమంది సైనికులు వింటుండగా సౌలును నిలదీశాడన్న భాగం చదవనివ్వకండి. తర్వాత దావీదే రాజై ఊరియా భార్య విషయంలో దారితప్పితే, నాతాను వచ్చి గొర్రెపిల్ల కథ చెప్పి ముఖానే అనేసిన సంగతి అసలు ఎత్తొద్దు. నాతాను మన కాలంలో ఉంటే ముందు వాట్సాప్ గ్రూపులోంచి తీసేసేవాళ్లం. ఆ తర్వాత అతని కోసం ప్రార్థన పెట్టేవాళ్లం.

లెక్కలు అడిగేవాడికి విమర్శించే ఆత్మ పట్టిందనండి.

కారు సంగతి వస్తే, సొలొమోనుకి గుర్రాలు లేవా అనండి.

జనవరి ఒకటో తారీఖున తీసుకున్న వాగ్దానం కార్డును డిసెంబరులో మళ్లీ చదవకండి.

ఇక అన్నిటికన్నా పనికొచ్చేది: వరం వేరు, బతుకు వేరు. దీన్ని కంఠతా పట్టండి. 2008 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫ్లోరిడాలో లేక్‌లాండ్ అనే ఊళ్లో టాడ్ బెంట్లీ అనే ఆయన సభలు మొదలుపెట్టాడు. కొద్ది రోజులకని పెట్టిన సభలు నెలల తరబడి సాగాయి. ఒళ్లంతా పచ్చబొట్లు, మైకులో కేకలు, రాత్రిపూట ప్రపంచమంతా చూసేలా టీవీలో లైవు. ఒక ముసలావిడ ముఖాన్ని బూటుకాలితో తన్నమని ఆత్మ చెప్పిందనీ, తన్నాననీ ఆయనే వేదిక మీద చెప్పుకున్నాడు. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. జూన్‌లో పేరున్న నాయకులు వరసగా వేదికెక్కి ఆయన తలమీద చేతులుంచి ఆశీర్వదించారు. ఏబీసీ టీవీ వాళ్లు వచ్చి ఒక్క స్వస్థతకైనా ఆధారం చూపించమంటే, నిలబడే ఆధారం దొరకలేదు. ఆగస్టులో ఆయన భార్యతో విడిపోతున్నాడని తెలిసింది. తన దగ్గర పనిచేసే ఒకామెతో తగని సాన్నిహిత్యం ఉందని ఆయన సంస్థవాళ్లే ఒప్పుకున్నారు. ఉజ్జీవం ఆగింది.

ఆయన ఆగలేదు. మళ్లీ పెళ్లి చేసుకుని, మళ్లీ వేదికెక్కాడు. 2020 జనవరిలో ఆయనలాంటి సభలు నమ్మేవాళ్లే కమిటీగా కూర్చుని విచారించి, ఈయన పరిచర్యకి తగడని తేల్చారు. మధ్యలో పదకొండేళ్లు గడిచాయి. చేతులుంచడానికి మాత్రం ఒక్క సభ చాలింది.

చేతులుంచినవాళ్లని తప్పుపట్టడం నాకు సులువే. కానీ ఒకసారి మా దగ్గరికొచ్చిన ఒకాయన రాత్రి ప్రసంగం అయ్యాక, హోటల్ గదికి భోజనం తీసుకెళ్లింది నేను. అక్కడ చూడకూడనిది చూశాను. మర్నాడు సాయంత్రం మైకు అందుకుని, దేవుడు బలంగా వాడుకుంటున్న దాసుడని ఆయన్ని పరిచయం చేసింది కూడా నేనే. గొంతు కొంచెం వణికింది. ఆత్మ ప్రభావం అనుకున్నారు జనం.

ప్రవచనాల విషయానికొద్దాం. ఐదు వేలమంది కూర్చున్న గ్రౌండులో "నడుము నొప్పితో బాధపడుతున్న ఒక సిస్టర్ ఇక్కడున్నారు" అంటే ఒళ్లు జలదరించాలి. జలదరించకపోతే కీబోర్డు అబ్బాయి చూసుకుంటాడు. 1986లో పీటర్ పోపాఫ్ అనే అమెరికా ప్రసంగీకుడు ఇంతకన్నా కష్టపడేవాడు. పేర్లు, వీధి నంబర్లతో సహా చెప్పేవాడు. జేమ్స్ రాండీ అనే మాజీ ఇంద్రజాలికుడు, తన మనుషుల చేత రేడియో స్కానరు పెట్టించి చూస్తే, 39.17 మెగాహెర్ట్జ్ మీద దైవజనుడి చెవిలో మాట్లాడుతున్నది ఆయన భార్యే. సభకి ముందు జనం రాసిచ్చిన ప్రార్థన కాగితాలు చూసి ఆవిడ చదివి వినిపించేది. ఆ రికార్డింగు అమెరికా టీవీలో దేశమంతా విన్నది. మరుసటి ఏడాది ఆయన దివాలా తీశాడు. కొన్నేళ్లకి అద్భుత జలం పొట్లాలతో మళ్లీ టీవీలోకి వచ్చాడు.

అమెరికావాళ్లు మరీ అమాయకులు అన్నాడు మా తోటి వాలంటీరొకడు ఈ కథ విని. వాళ్లింట్లో ఫ్రిజ్ మీద మూడు రకాల ప్రార్థన నూనె సీసాలున్నాయి. మా ఇంట్లోనూ ఒకటుంది. మా అమ్మకి క్యాన్సర్ వచ్చిన ఏడాది కొన్నది. ఎమ్మార్పీ ఉన్నచోట స్టిక్కరు గోటితో గీకేసిన గుర్తు అప్పుడే కనబడింది. చూసి, సీసా తిప్పి పెట్టుకున్నాను. ఆ రోజుల్లో నన్నెవరైనా బైబిల్లోని బెరయవాళ్లలాగా లేఖనాలు వెతికి చూడమంటే కొట్టేవాణ్ణేమో. పరీక్షించడమంటే ఆ చిన్న సీసా కూడా చేజారిపోవడమే కదా. మోసపోయేవాళ్లకి బుద్ధి లేదని ఎవరన్నా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బుద్ధి ఉంటుంది. దాన్ని కాసేపు పక్కన కూర్చోబెడతాం.

ఇప్పుడు రేడియోలూ అక్కర్లేదు. పేరు, ఊరు, జబ్బు, ఫోన్ నంబరు మనమే ఫారంలో నింపిస్తున్నాం. ఫేస్‌బుక్కులో మిగతాది.

డబ్బు సంగతి. విత్తనం విత్తమన్నప్పుడు గేహజీ పేరు తలుచుకోకండి. సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు బాగుపడితే ఎలీషా ప్రవక్త చిల్లిగవ్వ తీసుకోలేదు. ఆయన పనివాడు గేహజీకి మనసొప్పలేదు. వెనకాలే పరిగెత్తి, ఇద్దరు శిష్యులు వచ్చారు, వాళ్ల ఖర్చులకని చెప్పి రెండు సంచుల వెండి, రెండు జతల బట్టలు పట్టుకొచ్చాడు. తనకోసమని అడగలేదు చూడండి. పరిచర్య అవసరాల నిమిత్తం అనే మాటకి మూలపురుషుడు ఆయనే. వెండితోపాటు నయమాను కుష్ఠు కూడా ఇంటికొచ్చింది. ఆ వచనం రసీదు పుస్తకాల మీద అచ్చు వేయరు.

పాతకాలం క్రైస్తవులు మరీ మొహమాటం లేనివాళ్లు. అపొస్తలుల కాలం దాటీ దాటకముందే సంఘాల కోసం గ్రీకులో రాసుకున్న దిదఖే అనే చిన్న పుస్తకముంది. శతాబ్దాలపాటు కనబడకుండా పోయి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికింది. అది కూడా నా వ్యాసంలాంటి కరదీపికే, సలహాలు మాత్రం తలకిందులు. ఊరికొచ్చిన అపొస్తలుడు ఒకరోజో, అవసరమైతే రెండు రోజులో ఉండొచ్చు, మూడో రోజూ ఉన్నాడంటే అబద్ధ ప్రవక్త. వెళ్తూ వెళ్తూ రొట్టె తీసుకెళ్లొచ్చు, డబ్బు అడిగాడంటే అబద్ధ ప్రవక్త. ప్రవక్త ఆత్మావేశంలో భోజనం వడ్డించమని చెప్పి తానే కూర్చుని తిన్నా అంతే. ఈ కొలత పెడితే మా సభల కమిటీ మొత్తం మూతపడుతుంది. హోటల్ బిల్లులు రాసేది నేనే కాబట్టి చెబుతున్నా.

సంఖ్యల దగ్గర మొహమాటపడకండి. వచ్చినవాళ్లు రెండు వేలైతే పది వేలని రాయండి, విశ్వాసంతో చూడాలి. ఈ విషయంలో మా ఒంగోలు పరువు తీసిన పెద్దమనిషి అమెరికా మిషనరీ క్లౌ దొర. 1876లో మొదలైన పెద్ద కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని కల్పించాడు. బాప్తిస్మం ఇమ్మని వందలకొద్దీ జనం అడుగుతుంటే ఏడాదికి పైగా ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారో, దేవుడి కోసం వస్తున్నారో తనకి తెలియాలన్నాడు. ఆ రోజుల్లో రిపోర్టు పంపితే అమెరికాలో ఎంత పేరొచ్చేదో ఆలోచించండి. కరువు సాయం పనులు ముగిశాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య ప్రతి సభలోనూ మైకులో చెబుతాం. దానికి ముందు ఆయన కాదన్న నెలల గురించి నేను ఒక్కసారీ చెప్పలేదు.

చివరిది సాక్ష్యాలు రాయడం. ఇది నా సొంత విద్య, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. వేదిక మెట్ల పక్కన టేబులేసుకుని కూర్చోవాలి. తలనొప్పి, నడుము నొప్పి, నిద్రపట్టకపోవడం, వీళ్లని ముందు వరసలోకి పంపాలి. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకి, మాట రాని బిడ్డని ఎత్తుకొచ్చిన తల్లికి ఎంతో ప్రేమగా మాట్లాడి, పక్కన నీడగా ఉన్నచోట కూర్చోబెట్టాలి. దైవజనుడు దిగేటప్పుడు ప్రత్యేకంగా ప్రార్థిస్తారని చెప్పాలి. ఆయన వెనక మెట్ల మీంచి దిగుతారు. ఇవేవీ నాకు ఎవరూ నేర్పలేదు, ఏ దైవజనుడూ ఇలా చెయ్యమని అడగలేదు. ఆయనకి ఇబ్బంది రాకూడదని నాకు నేనే చేశాను. మోసం చేస్తున్నానని ఏ రోజూ అనిపించలేదు. సేవ చేస్తున్నాననే అనుకున్నాను.

రాసేటప్పుడు మాటని కొంచెం సరిచేయడం కూడా తెలియాలి. మూడేళ్ల కింద మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న పిన్ని నా టేబుల్ దగ్గరికొచ్చింది. ఎనిమిదేళ్లుగా షుగరు.

"నూనె రాసుకున్నాక ఒంటికి తేలిగ్గా ఉంది నాయనా," అంది.

"షుగరు పూర్తిగా పోయింది" అని రాశాను. కాగితంలో జాగా తక్కువ.

షుగరు, క్యాన్సరు లాంటి జబ్బులు తాయెత్తులతో, మంత్రాలతో నయం చేస్తామని ప్రకటించడం మన దేశంలో 1954 చట్టం ప్రకారం నేరం. అప్పుడు నాకది తెలియదు. తెలిసినా, నూనె తాయెత్తు కాదు కదా అనుకునేవాణ్ణి. దైవజనుడు ఆ కాగితాన్ని మైకులో చదివాడు. పిన్ని ఒక్క క్షణం నావైపు చూసింది. తర్వాత చేతులెత్తింది. తన ఒంటి గురించి తనకంటే వేదికకే ఎక్కువ తెలుసనుకుందో ఏమో, ఇంటికెళ్లి మాత్రలు ఆపేసింది. నాలుగు నెలలకి కాలి పుండుతో ఆస్పత్రిలో చేరింది. చూడ్డానికి వెళ్తే నన్ను ఒక్క మాటా అనలేదు. నా విశ్వాసం చాల్లేదేమో నాయనా అంది.

ఇప్పుడు ఇన్సులిన్ మీద ఉంది. కుడికాలికి రెండు వేళ్లు లేవు. మిషను ఎడమకాలితో తొక్కుతోంది.

ఆ సాక్ష్యం వీడియో ఇంకా యూట్యూబులోనే ఉంది. తీసేయమని మూడుసార్లు ఫోన్ చేశాను. దైవజనులు ఉపవాసంలో ఉన్నారన్నారు. కింద వరసగా ఆమెన్‌లు ఉన్నాయి, పైనుంచి నాలుగోది నాది.