డప్పు చెప్పిన సాక్ష్యం

నేను డప్పుని. మేకతోలు, కర్ర చట్రం, రెంటినీ పట్టి ఉంచిన చింతగింజల జిగురు, ఇంతే నా ఒళ్లు. కుడిచేతి చిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల తగిలితే పలుకుతాను. తోలు మెత్తబడితే మంట సెగ చూపిస్తారు. వేసవిలో ఆ పని పల్నాడు ఎండే చేసిపెడుతుంది.

నరసరావుపేటకీ వినుకొండకీ నడుమ ఓ పల్లె మాది. నన్ను భుజాన వేసుకున్న మనిషి మంచి పనివాడు. పెళ్లికి, చావుకి, జాతరకి వేటి దరువు వాటికి తప్పకుండా పలికించేవాడు. ఎక్కడ వాయించినా కూలిలో సగం సారాయే. చావింట్లో పాడె లేవకముందే సీసా వచ్చేది. తాగకపోతే చేతులు లేవవని వాడలో అందరూ అనేవాళ్లు. అది అబద్ధం. ఆ దెబ్బలు తిన్నదాన్ని నేను, నాకు తెలుసు. తాగిన చెయ్యి కాసేపు ఊపు మీద ఉంటుంది, ఆ తర్వాత దరువు తప్పుతుంది. కూలిని సారాగా ఇస్తే ఇచ్చేవాడికి చవక, పుచ్చుకున్నవాడి ఇంట్లో పస్తు. అతని వ్యసనం అతని ఒక్కడి గొంతులో పుట్టింది కాదని నేను గట్టిగా చెప్తాను.

1995 జనవరిలో మద్యనిషేధం వచ్చి మద్యం దుకాణం మూతపడింది. అతను బెల్లం ఊటతో కాచిన నాటుసారా వెతుక్కున్నాడు. 1997లో నిషేధం సడలించాక మళ్లీ దుకాణానికే నడిచాడు.

అతని భార్య మాత్రం ఆదివారం ఆరాధన మానలేదు. ఆమె తాతలది పాత బాప్టిస్టు కుటుంబం. 1883లో నరసరావుపేటలో మిషను వెలవకముందు, ఒంగోలులో మిషనరీ క్లౌ దొర దగ్గర విశ్వాసంలోకి వచ్చిన మాదిగలకు మూడు కట్టుబాట్లు ఉండేవి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. వెట్టిచాకిరీ చేసేవాడు అవి పాటించాలంటే ఊరికి ఎదురు నిలవాలి. జాతరలో డప్పు కొట్టబోమన్నందుకు బాధలు పడ్డవాళ్లున్నారు. అలవాటు మానడమంటే దాన్ని మనకు అంటగట్టిన చేతికి కూడా కాదని చెప్పడమేనని ఆమె వాళ్ల కథల్లోనే నేర్చుకుంది.

అతనితో జోడుగా వాయించే తోటివాడు కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి చనిపోయాడు. ఆ శవం ముందు వాయించినందుకూ సీసాయే ఇచ్చారు. అతను తాగాడు. రాత్రి నన్ను చంకన పెట్టుకునే పాస్టరు అయ్యగారి ఇంటికి వెళ్లి గడపలో కూలబడ్డాడు.

"నా వల్ల కావట్లేదండీ అయ్యగారూ."

"నీ ఒక్కడి వల్ల కాదురా. ప్రభువు చెయ్యి పట్టుకో, మేమూ ఉన్నాం గదా."

తాగుడు మానేసిన మూడోనాటికి ఒళ్లంతా వణుకు, చెమటలు, గోడ మీద లేని పురుగులు కనపడటం. ప్రార్థన చేసి ఊరుకోలేదు అయ్యగారు, ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. మందులు విశ్వాసానికి లోటు కాదా అని ఎవరో అడిగితే, 1849లో గురజాల వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ దొర వైద్యం చదువుకునే వచ్చాడని గుర్తుచేశారు.

సాయంత్రాలే కష్టం. దుకాణానికి వెళ్లే వేళకి ఎవరో ఒకరి ఇంట్లో కుటుంబ ప్రార్థన పెట్టేవాళ్లు. చేయాలనుకున్న మేలు చేయలేకపోతున్నానని పౌలే రోమీయులకు రాశాడని విన్నప్పుడు అతను తలెత్తి చూశాడు. సంక్రాంతికి మళ్లీ తాగాడు. సంఘం గెంటేస్తుందనుకున్నాడు. మర్నాడు సాయంత్రం ప్రార్థన అతని ఇంట్లోనే పెట్టారు. క్షమాపణ అన్న మాట అతను అంతకుముందూ విన్నాడు, కానీ మనుషులు వచ్చి తన చాప మీద కూర్చున్నాకే నమ్మాడు.

నన్ను కాల్చేయమన్నారు కొందరు, పాత బతుకు గుర్తని. అయ్యగారు ఒప్పుకోలేదు. ఎర్ర సముద్రం దాటాక మిర్యాము చేతిలో మోగిందీ నాలాంటి తోలువాద్యమే. అలా గుడిలోకి వచ్చాను. తాగని చేతి కింద నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఇప్పుడు ఎవరు పిలిచినా అతను ముందే చెప్తాడు, కూలి మొత్తం డబ్బుగానే ఇవ్వాలని, మేళంలో అందరికీనని. తోటివాళ్లలో ఇద్దరు అలిగి వేరే మేళంలో చేరారు. మిగిలినవాళ్లు తమ వాటా ఇంటి ఆడవాళ్ల చేతికే ఇవ్వమంటున్నారు.