ముక్కుకొన వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "నడుము, మెడ నిటారుగా నిలిపి, కండ్లు గట్టిగా మూసి, ముక్కుకొనను చూడండి."

మైకు చేతికి దొరికిన యోగా మాస్టర్లు పొద్దుపొద్దునే సెలవిచ్చే మహావాక్యమిది. 'నడుము, మెడ' స్పష్టం. 'గట్టిగా మూసి' కూడా స్పష్టమే. మూసిన కన్ను ఎట్లా చూస్తుందన్న శంక మందబుద్ధులది గనుక వదిలేస్తున్నాం. 'చూడండి' దగ్గర మాత్రం ఆగాలి. తెలుగులో చూడటానికి కన్నే అక్కరలేదు. నాలుకతో రుచి చూస్తాం, వేళ్లతో నాడి చూస్తాం, కూరలో ఉప్పు చూస్తాం, పిల్లకు సంబంధం చూస్తాం. కనుక కండ్లు మూసి ముక్కు చూడమనటంలో దోషం లేదు. నాగార్జునసాగర్‌లోని విపశ్యన కేంద్రం ధమ్మ నాగజ్జునలో నేర్పే ఆనాపానసతి ఈ చూడటమే: ముక్కు దగ్గర ఊపిరి రాకపోకలను మనసు గమనిస్తుంది. పాత పాలమూరు జిల్లాలోని కడ్తాల్ పిరమిడ్‌లోనూ శ్వాస మీద ధ్యాసే. అదే పాత జిల్లాలోని కన్హా శాంతివనంలో గురి గుండెకు మారింది. మూడు చోట్లా కంటికి సెలవే. మాస్టరుగారు అంతటితో ఆగితే ఈ టీకాకూ సెలవే. కానీ 'రెండు నల్లగుడ్లూ దగ్గరికి రావాలి, తల నొస్తే ఓర్చుకోవాలి' అని వార్తికం చేరుస్తారు. ప్రమాణమేదంటే గీత ఆరో అధ్యాయం అంటారు.

ఆ అధ్యాయంలోని పదమూడో శ్లోకానికి భాష్యం రాస్తూ శంకరులు అక్కడ 'ఇవ' శబ్దం లోపించిందన్నారు. ముక్కుకొనను చూస్తున్నట్టు ఉండాలి తప్ప చూడమని విధి కాదు. ముక్కునే చూస్తే మనసు ముక్కులోనే కుదురుకుంటుంది, ఆత్మలో కాదు. లేని మాటను తెచ్చి అతికించటం టీకాకారుల టక్కు కాదా అంటారా? అయిదో అధ్యాయం చివర అదే కృష్ణుడు చూపును కనుబొమల నడుమ పెట్టమన్నాడు. రెండూ అక్షరాలా విధులైతే నల్లగుడ్లకు టైంటేబుల్ రాయాల్సి వస్తుంది. 'ఇవ' ఒప్పుకుంటే రెండూ చూపు లోపలికి మళ్లిందనటానికి గుర్తులే. హఠయోగ ప్రదీపికలోని శాంభవీ ముద్రలో కండ్లు తెరిచే ఉంటాయి, రెప్ప పడదు. గురి మాత్రం లోపలే. అంటే రెప్ప సంగతి వేరు, గురి సంగతి వేరు.

ఇక్కడ కాళిదాసు కావ్యాలకు టీకలు రాసిన మల్లినాథసూరిని తలచుకోకపోతే పాపం. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఇంటిపేరైంది. ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అన్నది ఆయన వ్రతం. రెండో సగం మన వల్ల కాదని ఈపాటికి తేలిపోయింది. కుమారసంభవం మూడో సర్గలో తపస్సులో ఉన్న శివుడి కండ్లను కాళిదాసు ఎంత ఓపికగా చెక్కాడు! రెప్పలు కదలవు, కనుపాపలు కొద్దిగా మెరుస్తుంటాయి, చూపు కిరణాలు కిందికి వాలి ముక్కు వైపు పోతాయి. పూర్తిగా తెరిచినవీ కావు, మూసినవీ కావు. ఆ శివుడికి గుడ్లు దగ్గరికి లాక్కున్న ఆయాసం ఎక్కడా లేదు. కాసేపటికి మన్మథుణ్ని కాల్చింది మూడో కన్ను. దాన్ని ఎక్కడ నిలపాలో ఏ మాస్టరూ చెప్పలేదు మరి.

అన్నట్టు, 'మెడ' స్పష్టమని దాటేశాం. తొందరపడ్డాం. గీతలోనూ శరీరం, మెడ, తల సమంగా నిలపమన్నాకే ముక్కు ప్రస్తావన వస్తుంది. ముక్కు మీద ఇంత చర్చ జరిపినవారు మెడను ఎందుకు పట్టించుకోరు? నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ తాగి నడుములు వంగి, మెడలు బిగుసుకున్నవారు ఎందరో ఉన్నారు. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అక్కడ ఏండ్ల తరబడి దాటింది. మంచినీళ్ల పథకానికి గుర్తుగా 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ లేచింది, కొళాయిలు వచ్చాయి. వంగిన ఎముక మాత్రం నీళ్లు మారినంత మాత్రాన తిరిగి నిటారు కాదు. అలాంటివారు ముందు వరుసలో కూర్చున్నా మైకు 'నిటారుగా, నిటారుగా' అంటుంది. నిటారు కాని మెడకు ధ్యానం లేదని ఏ భాష్యకారుడు రాశాడు?

కాబట్టి మూలపాఠం భ్రష్టం. సరైన పాఠం ఇదని మా నిర్ణయం: "నడుము, మెడ వీలైనంత నిలిపి, కుర్చీలోనైనా సరే, కండ్లు మూసో అరమోడ్చో, ముక్కుకొనను చూస్తున్నట్టు ఉండండి." మాస్టర్లు రేపటి నుంచి ఇట్లా చదువుకోగలరు.