ఆఱంకెల విద్య

నూతన విద్యార్థులచే లాగిన్లు తెరపించు కార్యమును మా కళాశాలవారు నాకప్పగించిన నాటినుండియు నన్ను వేధించుచున్నది ల్యాబులోని కంప్యూటరు కాదు. విద్యార్థి తండ్రిగారి చొక్కాజేబులోని సెల్‌ఫోను.

యూజీసీవారు 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అను నొక బ్యాంకును నెలకొల్పిరి. అందు రూపాయి జమకాదు. ఉత్తీర్ణుడైనవాని క్రెడిట్లు మాత్రమే జమయగును. నేను తెరిపింపవలసిన ఆ బ్యాంకు ఖాతాకు డిజిలాకరు వలయును, డిజిలాకరునకు ఆధారు వలయును, ఆధారువారు పంపు ఆఱంకెల ఓటీపీయో, బాలుడు బడికిపోవు ప్రాయమున వ్రాయించిన తండ్రి నంబరునకే పోవును. దాని ఆయువు పది నిమిషములు.

అంతకుముందు పేరు కుదురవలయును గదా! మా కర్నూలు ప్రాంతమున మద్దిలేటి నరసింహస్వామికి మ్రొక్కి బిడ్డలకు మద్దిలేటి యని పేరిడుట పరిపాటి. ఇంగ్లీషున దానికి డీ యొకటా రెండా, చివర ఐయా వైయా యను విషయమున పదవతరగతి సర్టిఫికెట్టొకటి చెప్పును, ఆధారు వేఱొకటి చెప్పును. ఒకదానియందు ఇంటిపేరు పొడియక్షరమై ముందుండగా, మఱొకదానియందు సంపూర్ణమై వెనుక నిలుచును. 2008లో కర్నూలున రాయలసీమ విశ్వవిద్యాలయము వెలయకమునుపు ఇట్టి తప్పు దిద్దించుకొనుటకు బస్సెక్కి అనంతపురపు విశ్వవిద్యాలయమునకు పోవుచుండిరి. ఇప్పుడా తిప్పలు కూర్చున్నచోటనే లభించుచున్నవి. మనుష్యుల మాట యట్లుండనిండు, ఆ స్వామియే స్వయముగా మా ల్యాబునకు విచ్చేసి ఖాతా తెరువగోరిన నేమగును? స్తంభమునుండి వెడలినవానికి తండ్రిపేరు గడిలో నేమి వ్రాయుదుము? సింహముఖమును కెమెరా అంగీకరించునా? అహోబిలమున ఆయన తొమ్మిది రూపములతో తొమ్మిది తావుల వెలసియున్నాడు గనుక, ఒకే పేరుతో ఇన్ని ఖాతాలేలయని యంత్రము ఎనిమిదింటిని తప్పక రద్దుచేయును. మిగిలిన యొక్కదానికి పాస్‌వర్డు పెట్టునప్పుడు, పెద్దయక్షరము లేదు, ప్రత్యేక చిహ్నము లేదని తిరస్కరించిన, ఆ ఉగ్రమూర్తి యెదుట కంప్యూటరు గతి నేను చెప్పనక్కఱలేదు.

పేరు కుదిరిన పిమ్మట ఫోను కథ.

“నాయనా, బ్యాంకుది ఓటీపీ వచ్చింటాది, చెప్పు.”

“ఏ బ్యాంకురా? ఎవురికీ చెప్పొద్దని బ్యాంకోళ్లే చెప్పినారు గదా!”

“నేను నీ కొడుకును నాయనా!”

“దొంగనాయాండ్లు గూడ అట్లే అంటారంటప్పా.”

నేను ఫోనందుకొని, కళాశాల అధ్యాపకుడనని సవినయముగా విన్నవించుకొంటిని. “సార్‌నని చెప్పేటోళ్లనే అస్సలు నమ్మగూడదంట” అని ఆయన పెట్టివేసెను. ఆయనను తప్పుపట్టుటెట్లు? ఓటీపీని ప్రాణమువలె దాచుమని ప్రభుత్వము, బ్యాంకులు, టీవీలు ఏకకంఠముతో బోధింపగా శ్రద్ధతో నేర్చుకొన్న ఏకైక విద్యార్థి ఆయనయే.

మొన్న మా పడమటి మండలమైన కోసిగి ప్రాంతపు బాలుడొకడు వచ్చెను. తల్లిదండ్రులు గుంటూరు దిక్కునకు మిరపకాయలు కోయుటకు సుగ్గికి, అనగా వలసకూలికి, పోయిరి. ఫోను తల్లి యెత్తెను. ఆమెకు అంకెలు చదువరావు. చదువగల పొరుగుకూలి నాలుగు సాళ్లకావల నుండెను. అతడు వచ్చులోపల తింటివా, హాస్టలులో నీళ్లు వస్తున్నాయా, చలికి దుప్పటి యున్నదా యని ఆమె యడుగుచుండెను. బాలుడన్నిటికిని తొందరలేక సమాధానము చెప్పుచుండెను. పొరుగువాడు వచ్చి అంకెలు చదువునప్పటికి పది నిమిషములు గడచిపోయినవి.

విద్యార్థి తండ్రి యింటనే యుండునని, యింట సిగ్నలుండునని, యెవరో యొకరికి చదువు వచ్చునని తలంచి ఈ యేర్పాటునంతయు కట్టినవారు తెలివిగలవారే. మా పడమటి మండలములలో వానలు లేని యేడు ఊళ్లు ఖాళీయగునని వారికెవరును చెప్పియుండరు. కులము, ఆదాయము, రక్తవర్గము, పుట్టుమచ్చలు నడుగు దరఖాస్తులను ఎన్నో నింపించితిని. మీ తల్లిదండ్రులు ఈ నెల ఏ యూరిలో నున్నారని అడుగు గడి మాత్రము వానిలో నెందును నాకు కనబడలేదు.