ఊరికే

మూలం: "ఎక్కడికెళ్ళేవురా ఇంతసేపూ?" "ఊరికే."

అవతారిక: పూలపల్లిలో ఒక ఆదివారం రెండు గంటలు దాటాక, సైకిలు గోడకానించిన కుమారుని మాత అడిగినదీ, ఆతడు పలికినదీ.

ప్రతిపదార్థం: ఎక్కడికి = ఏ చోటికి; వెళ్ళేవు = పోయితివి (గోదావరి పలుకు); రా = ఇక్కడ ముద్దు కాదు, కోపం; ఇంతసేపూ = చివరి దీర్ఘం ఎంత సాగితే అంత ఆలస్యమని గ్రహించవలెను; ఊరికే = పనిలేకుండా, లేదా ఊరికే, అనగా పాలకొల్లుకే.

విశేషం: ఇందు శ్లేష. రెండో అర్థం నుంచే ఈ మాట పుట్టిందని కొందరి మతం. అది తప్పు. ‘ఊరక’ అనే పాత మాటే ‘ఊరికే’ అయింది. ఊరితో దానికి చుట్టరికం లేదు. ఇంగ్లీషువారికీ ఈ జబ్బుంది. పుణ్యభూమికని చెప్పి అడుక్కుతిరిగేవాళ్ళ ‘సాంత్ తేర్’ నుంచి ‘సాంటర్’ (తీరిగ్గా తిరగడం) వచ్చిందని అమెరికా రచయిత థోరో 1862లో అచ్చయిన ‘వాకింగ్’ వ్యాసంలో ముచ్చటపడి రాశాడు. నిఘంటుకారులు ఒప్పుకోలేదు. దాని పుట్టుక నేటికీ తేలలేదు. తిరుగుబోతు మాట కదా, ఇంటిపేరు సరిగా చెప్పదు.

‘లాయిటర్’ (ఊరికే తచ్చాడడం)ది మాత్రం తెలిసిన వంశమే. పాత డచ్చిలో ‘లోతెరెన్’ అంటే కదిలే పన్నులా ఊగులాడడం. డచ్చివారు 17వ శతాబ్దంలో పాలకొల్లులో వర్తకం పెట్టిన మాట నిజమేగాని, ఆ పదం అంతకుముందే ఇంగ్లండు చేరింది. కనుక మనవాడి నిర్వాకానికి వారు బాధ్యులు కారు.

వంకర్లు తిరగడమనే ‘మియాండర్’ తుర్కీలో ఒక వంకర నది పాత పేరు. మన వశిష్ఠ గోదావరీ వంపులు తిరుగుతుంది. దానిపేర ఇంకా క్రియాపదం పుట్టలేదు.

‘ప్లానెట్’ అంటే గ్రీకులో తిరుగుబోతు. మనకది గ్రహం, అనగా పట్టుకునేది. ఒకే చుక్క, వాళ్ళకి దాని కాళ్ళు కనిపించాయి, మనకి చేతులు. "ఏ గ్రహం పట్టిందిరా నీకు, ఈ తిరుగుళ్ళేంటి?" అన్న తరువాతి వాక్యంలో మాత, గ్రీకు రాకపోయినా, రెండర్థాలనూ సాధించింది.

తాత్పర్యం: కుమారుడు పాలకొల్లు క్షీరారామం గుడి గాలిగోపురం తొమ్మిది అంతస్తులూ కిందనుంచి లెక్కపెట్టి, సినిమా హాలు ముందు పోస్టర్లు చూసి, కాలవ గట్టున కాసేపు నిలబడి, ఏమీ కొనక, ఎవరినీ కలవక ఇల్లు చేరాడు. ఇదంతా చెప్పడానికి ఒక్క పదం చాలునని అతని మతం. మాత మతం వేరు. చేపల పులుసు అయిపోయింది. పెరుగన్నం ఉంది.