ఫ్రెంచి భాషా సాధనలో దళారీ పాత్ర

నలభయ్యో పడిలో పడిన మనిషి పరభాష నేర్చుకోవడానికి పూనుకోవడాన్ని వయోజన భాషాసాధన అంటారు. బంధువులు దీనికి వేరే పేర్లు కూడా పెడతారు గాని అవి శాస్త్రగ్రంథాలకు ఎక్కవు. నిమ్మకాయల మండీలకూ, పరిసరాల్లోని అభ్రకం గనులకూ, రేణిగుంట మార్గం చీలే రైల్వే జంక్షనుకూ పేరుపడిన గూడూరు వంటి పట్టణంలో ఈ సాధనకు సాహిత్యాభిలాష కారణం కావడం అరుదు. చాలావరకు కారణం కెనడా. ఆ దేశంలో శాశ్వత నివాసానికి మార్కులు వేసి మనుషులను ఎంచుకునే పద్ధతిలో ఫ్రెంచి వచ్చినవారికి 50 దాకా అదనపు మార్కులు కలుస్తాయనీ, 2023 నుంచి వారికోసం ప్రత్యేకంగా పిలుపులు కూడా వెళుతున్నాయనీ తెలిసిన తరువాత, అంతవరకు విక్టర్ హ్యూగోను ‘బీదలపాట్లు’ సినిమా ద్వారా మాత్రమే ఎరిగిన కుటుంబాలలో సైతం ఆ భాష పట్ల భక్తి ఏర్పడింది.

భాషాజ్ఞానాన్ని కొలవడానికి యూరప్ వారు 2001లో ప్రకటించిన ఉమ్మడి కొలమానంలో ఆరు మెట్లున్నాయి. ఏ1, ఏ2 అనేవి ప్రారంభ దశలు, బీ1, బీ2 అనేవి స్వతంత్రంగా నెట్టుకురాగల దశలు, సీ1, సీ2 అనేవి ప్రౌఢ దశలు. ఈ మెట్లెక్కే గూడూరు సాధకుడికి ఎదురయ్యే కష్టాలలో సగం ఫ్రెంచివి కావనీ, ఫ్రెంచిని ఇంగ్లీషు ద్వారా నేర్చుకోవడం వల్ల మధ్యలో వచ్చి చేరినవనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తోటలో కోసిన నిమ్మకాయ ఢిల్లీలో షర్బతు గ్లాసుకు చేరేలోగా దళారీకి కమీషను ముట్టవలసి ఉన్నట్టే, ఫ్రెంచి మాట తెలుగువాడి నోటికి చేరేలోగా ఇంగ్లీషు తన వాటా తీసుకుంటుంది. అయితే మండీలోని దళారీ కనీసం బస్తాలు లెక్కపెట్టి చీటీ రాసిస్తాడు.

ఉచ్చారణనే తీసుకుంటే, ఇంగ్లీషువారి కోసం రాసిన పాఠ్యపుస్తకాలు తకార దకారాలను నాలుక పళ్ళకు ఆనించి, ఊపిరి ఎక్కువ వదలకుండా పలకాలని పేజీలకొద్దీ బోధిస్తాయి. తెలుగు పిల్లలు పలక పట్టిన నాటినుంచి పలుకుతున్న త, ద సరిగ్గా అవే అయినా, ఇంగ్లీషు అక్షరం కంటబడగానే ట, డ పలకడం బడిలోనే అలవాటైనందున, గూడూరు సాధకుడు పెట్టెలో ఉన్న తకారాన్ని తీయకుండా టకారంతో పారిస్ బయలుదేరుతాడు.

సంధుల విషయంలో ఈ నష్టం మరింత దారుణం. ఫ్రెంచిలో ఒక అచ్చు మరో అచ్చుకు ఎదురుపడితే మొదటిది లోపించడం కద్దు: ‘ల’, ‘అమి’ కలిసి ‘లమి’ అవుతాయి. మేన, అల్లుడు కలిసి మేనల్లుడైన చోట జరిగిందీ ఇదే. ‘ఆ’, ‘ఇల్’ పక్కపక్కకు వచ్చి ప్రశ్న ఏర్పడేటప్పుడు రెండు అచ్చుల నడుమ ఎక్కడినుంచో ఒక తకారం వచ్చి ‘ఆతిల్’ అవుతుంది. దీనిని ఇంగ్లీషు పుస్తకాలు విడ్డూరంగా వర్ణిస్తాయి గాని, నిలువు, అద్దం కలిసి నిలువుటద్దం కావడాన్ని టుగాగమం పేరుతో పదో తరగతిలో బట్టీపట్టిన వారికి అది పాత పరిచయమే. వచ్చేది తకారం కనుక తుగాగమం అనడం ఉచితం. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం ప్రకటించినప్పుడు పారిస్ నగరాన్ని ఉద్దేశించి ఉండరు. అయినా సంధులంటే భయపడి సైన్సు గ్రూపులోకి పారిపోయిన వారిని పాతికేళ్ళ తరువాత అవే సంధులు ఫ్రెంచి వేషంలో పట్టుకోవడం కర్మసిద్ధాంతానికి చక్కని ఉదాహరణ.

నువ్వు, మీరు అనే భేదం ఫ్రెంచిలోనూ ఉంది. దానిని ఎప్పుడు ఎవరి దగ్గర వాడాలో ఇంగ్లీషువారికి అధ్యాయాలుగా చెప్పవలసి వస్తుంది. మామగారిని నువ్వంటే ఏమవుతుందో తెలిసిన జాతికి అది అక్కరలేదు. అలాగే ఒక వస్తువు నచ్చిందని చెప్పేటప్పుడు, ఆ వస్తువే కర్తగా ‘నాకు నచ్చింది’ అనే తెలుగు తీరులోనే ‘స మ ప్లే’ అనడం అక్కడా వాడుక. సాధకుడు మాత్రం తెలుగులో అనుకున్నదాన్ని ముందు ఇంగ్లీషులోకి తలకిందులు చేసి, ఆపైన ఫ్రెంచిలోకి మళ్ళీ తలకిందులు చేస్తాడు.

తెలుగువారి అసలు కష్టాలు వేరు, వాటి ఊసు ఇంగ్లీషు పుస్తకాలు ఎత్తవు. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష; రాసిన ప్రతి అక్షరాన్నీ పలకడం ఇక్కడి మర్యాద. ఫ్రెంచివారు మాట చివర హల్లులను రాసి పలకకుండా వదిలేస్తారు. పక్షులు అనే అర్థంలో ఏడక్షరాలు రాసి ‘వాజో’ అని సరిపెట్టుకుంటారు. డబ్బిచ్చి నేర్చుకుంటున్న భాషలో అక్షరాలను ఇలా వృథా చేయడం గూడూరు సాధకుడి మనస్సుకు పట్టదు. అందువల్ల అతడు పలకకూడని హల్లును పలకడమే కాక, దాని చివర ఒక ఉకారాన్ని కూడా ఉచితంగా చేరుస్తాడు.

అంకెలది మరో కథ. ఫ్రాన్సులో 98 అనడానికి నాలుగు ఇరవైలు, పది, ఎనిమిది అనాలి. అక్కడ ఫోను నంబరును జతలు జతలుగా చెబుతారు, కాని వారి సెల్‌ఫోను నంబర్లు 06తోనో 07తోనో మొదలవుతాయి గనుక వారికి బాధలేదు. మన నంబర్లు తొమ్మిదితోనో ఎనిమిదితోనో మొదలవడం పరిపాటి కావడంతో, ఏ1 పరీక్షలో తన నంబరు చెప్పబోయిన సాధకుడు మొదటి జతలోనే హెచ్చవేతలోనూ కూడికలోనూ చిక్కుకుంటాడు. బెల్జియం, స్విట్జర్లాండు ఫ్రెంచివారు తొంభైకి సులువైన మాట ఉంచుకున్నారు. పెళ్ళి సంబంధాల్లాగే భాషలోనూ మంచివి పక్క ఊరివారికే కుదురుతాయి.

లింగభేదం దగ్గర ఫ్రెంచిని తప్పుబట్టడానికి తెలుగువారికి అధికారం తక్కువ. ఆ భాషలో మీసమూ గడ్డమూ స్త్రీలింగాలే, కాపలా కాసే సిపాయి కూడా స్త్రీలింగమే. కాని తెలుగు వ్యాకరణం మగవారిని మహత్తులనీ మిగిలిన సృష్టినంతా అమహత్తులనీ విభజించినందువల్ల, గూడూరు స్టేషనుకు అమ్మాయి వచ్చినా రైలు వచ్చినా ‘వచ్చింది’ అనే అంటారు. సంస్కృతమైతే భార్య అనే అర్థంలోనే ఒక మాటను స్త్రీలింగంలోనూ, కళత్రాన్ని నపుంసకలింగంలోనూ, దార శబ్దాన్ని పుంలింగంలో, అదీ బహువచనంలోనూ ఉంచింది.

దళారీ లేకుండా ఈ వ్యాపారం సాగిన కాలం ఒకటుంది. గాస్తోఁ కేర్దూ అనే ఫ్రెంచి జెసూట్ మతాచార్యుడు 1732లో, నలభై దాటిన వయస్సులో దక్షిణ భారతానికి వచ్చి, తెలుగూ సంస్కృతమూ నేర్చి, తెలుగు, ఫ్రెంచి, సంస్కృత భాషలకు కలిపి ఒక నిఘంటువు కూర్చాడు. అందులో ఇంగ్లీషుకు చోటులేదు. సంస్కృతానికి లాటిన్, గ్రీకు భాషలతో పోలిక ఉందని 1767లో, అంటే విలియం జోన్స్ చెప్పడానికి దాదాపు రెండు దశాబ్దాల ముందు, పారిస్‌లోని విద్వత్పరిషత్తుకు రాశాడు. వారు ఆ లేఖను 1808లో అచ్చువేశారు; కోచింగ్ సెంటర్లు ఫలితాలు ప్రకటించే వేగం ఇంతకంటే చాలా మెరుగు.

పరీక్ష రాయడానికి గూడూరు నుంచి దగ్గరి పెద్ద కేంద్రం చెన్నై. క్రియారూపాలు వల్లించుకుంటూ సాధకుడు వెళ్ళే ఆ రైలుదారే ఫ్రెంచి సంబంధాలతో నిండి ఉంటుంది. సూళ్ళూరుపేట పక్కన శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్ఎల్వీ రెండో దశలోని వికాస్ ఇంజనుకు మూలం ఫ్రెంచివారి వైకింగ్ ఇంజను. 1970లలో మన ఇంజనీర్లు ఫ్రాన్సులోని వెర్నోఁలో ఉండి దానిని నేర్చుకున్నారు. ఆ తరువాత తడ వస్తుంది. అక్కడికి దగ్గరి శ్రీసిటీలో ఆల్‌స్తోమ్ అనే ఫ్రెంచి సంస్థ కర్మాగారంలో తయారైన రైళ్ళు 2023 నుంచి కెనడాలోని ఫ్రెంచి నగరం మోఁరేయాల్‌లో తిరుగుతున్నాయి. ఒక్క క్రియను కూడా వల్లించకుండా ఆ పెట్టెలు వలస వెళ్ళాయన్న సంగతి, కిటికీలోంచి తడ స్టేషను చూసే బీ1 సాధకుడికి గుర్తుచేయకపోవడం మంచిది.

పరీక్షలలోనూ వింత ఉంది. డెల్ఫ్ అనే ఫ్రెంచి ప్రభుత్వ పట్టా జీవితాంతం చెల్లుతుంది, కాని పైన చెప్పిన కెనడా మార్కుల పద్ధతికి చెల్లదు. టెఫ్, టీసీఎఫ్ అనే పరీక్షల కెనడా రకాలు వలసకు చెల్లుతాయి, కాని వాటి గడువు రెండేళ్ళకే తీరుతుంది. మార్కులే లక్ష్యం కాబట్టి బీ2 దాటిన వారిలో చాలామంది అక్కడే ఆగిపోతారు. ఫ్రెంచి మీద నిజంగా మోజు పుట్టినవారే సీ1 వైపు నడుస్తారు. కథనంలో తప్ప నోటిమాటలో వినిపించని ఒక భూతకాలం నవలల్లో వారికి పేజీపేజీనా ఎదురవుతుంది. గ్రాంథికం చదివి వ్యావహారికం మాట్లాడే దేశంలో పుట్టినవారికి ఇది కొత్త కాదు.

అసలు పరీక్ష వేరే చోట ఉంది. బీ2 మౌఖికంలో ఒక విషయంపై సొంత అభిప్రాయం చెప్పి, పరీక్షకుడు ఎదురు వాదించినా నిలబెట్టుకోవాలి. గూడూరు టీకొట్టులో శిక్షణ పొందినవారికి ఇందులో వ్యాకరణం తప్పవచ్చు గాని వాదన తప్పదు. సీ1లో మాత్రం ఇచ్చిన వ్యాసాలను సుమారు 220 మాటల సంగ్రహంగా రాయమని, సొంత అభిప్రాయం అణువంతైనా కలపరాదని నియమం. తొలి ఏడాది నోరు పెగలక బాధపడిన మనిషే, నోరు అదుపులో పెట్టుకునే విద్య కోసం మళ్ళీ ఫీజు కట్టవలసి వస్తుంది. ఆ రసీదు చూసిన ఇంటివారికి మాత్రం ఈ నియమం వర్తించదు.