చలికి చాప: టీకా తాత్పర్య సహితము

అవతారిక

మిషిగన్ రాష్ట్రమందు డెట్రాయిట్ నగరమునకు వాయవ్యముగా నోవై అను పట్టణము కలదు. అచట తెలుగువారు పెక్కురు కాపురముందురు. మంచు మోకాలి లోతు పడినను వారు వాకిట చెప్పులు విడుచు ఆచారమును మాత్రము విడువరు. విడిచిన పిదప జనవరి తెల్లవారుజామున కాఫీ కొఱకు వంటగది టైల్సుపై అడుగిడుదురు. అప్పుడు నోట వెలువడు అక్షరములు ఏ నిఘంటువునందును లేవు. ఆ బాధకు మందుగా పుట్టినది ఈ పద్యము. కవి పేరు తెలియదు. బేస్‌మెంటులో నేలను మోయు దూలముపై కార్పెంటరు పెన్సిలుతో వ్రాయబడియున్నది. అక్షరములు వంకరలు పోయినందున, కవి నిచ్చెనపై నిలిచి మెడ వెనుకకు వాల్చి వ్రాసెనని ఊహింపదగును. నేలను క్రిందనుండి వెచ్చజేయు ఈ విద్యలో పనియంతయు ఆ భంగిమయందే జరుగును.

మూలము

చలికి చాప కుట్టి జాయిస్టు సందులో
గాలి చోటు విడిచి కట్టు దూది
యోము లెంచి చూడు మొకటికి ముమ్మారు
పాదములకు నపుడె పండువగును

ప్రతిపదార్థము

చలికిన్ = చలిని అణచుటకై; చాప = వేడితీగ నమర్చిన కరెంటు చాప (తుంగచాప కాదు, దీనిపై పరుండరాదు); కుట్టి = అంచులను స్టేప్లరుతో దూలపు ప్రక్కలకు బిగించి; జాయిస్టు సందులోన్ = దూలమునకును దూలమునకును నడుమ, అనగా మధ్యనుండి మధ్యకు 16 అంగుళములు, ఒకటిన్నర అంగుళపు దూలపు మందము పోగా మిగిలిన 14.5 అంగుళములలో; గాలి చోటు = చాపకును పైనున్న నేలపలకకును నడుమ ఒకటి రెండంగుళముల ఎడము; విడిచి = ఉంచి; దూది = గాజునూలు పరుపును; కట్టు = చాపకు అడుగున కూర్చుము; ఓములు = కరెంటుకు తీగ పెట్టు అడ్డంకి యొక్క కొలతలను; ఎంచి = మీటరుతో లెక్కించి; ఒకటికి ముమ్మారు చూడుము = ఒక్కసారితో తృప్తిపడక మూడు తడవలు పరీక్షింపుము; అపుడె = అట్లు చేసిన పిదప మాత్రమే; పాదములకున్ = అడుగులకు; పండువ అగును = పండుగ యగును.

తాత్పర్యము

ఇల్లు కట్టి యేండ్లు గడచినను చింతింపవలదు. పైనున్న నేల పగులగొట్టనక్కఱలేదు. బేస్‌మెంటులోనుండి దూలముల సందులలో కరెంటు చాపలు బిగించి, అడుగున గాజునూలు కప్పి, తీగ క్షేమముగా నున్నదని మరల మరల పరీక్షించుకొన్నచో, శీతకాలమున వంటగదిలో ఉత్తకాళ్లతో తిరుగవచ్చునని భావము.

ఛందోలంకారములు

ఇది ఆటవెలది. మొదటి పాదమున చకార జకారములకు యతి. జాయిస్టు పరభాషాపదమైనను యతి కుదిరినది గనుక గ్రీన్‌కార్డు మంజూరు చేయడమైనది. చలికి చాప వేయుట అన్నచో రమ్మని పీట వేసినట్లు తోచును, నిజమునకు వెళ్లగొట్టుటయే. కావున వ్యాజస్తుతి అని కొందఱు, విరోధాభాసమని కొందఱు. ఎలక్ట్రీషియను గంటకింతయని లెక్కగట్టుచు నిలుచున్నాడు గనుక ఈ చర్చను ఇంతటితో ముగింతము.

మతభేదము

ఈ శాస్త్రమున ఊర్ధ్వవాదులు, అధోవాదులు అని రెండు తెగలు. ఊర్ధ్వవాదులు పాత టైల్సు పెరికి, సిమెంటు బోర్డుపై చాప పఱచి, దానిని థిన్‌సెట్ గారలో ముంచి, పైన క్రొత్త టైల్సు వేయుదురు. వారి చాపకు సాధారణముగా చదరపుటడుగునకు 12 వాట్లు. వేడి టైలును ఆనుకొనియే యుండును గనుక నేల త్వరగా వెచ్చబడును. ఆ మతమున చిక్కేమనగా, నేల కొంచెము పైకి లేచును. అంతట తలుపుల అడుగు కోయవలసివచ్చును. డిష్‌వాషరు గట్టు క్రింద ఇరుకుకొని, చెడినప్పుడు బయటికి రాక మొండికేయును.

మన కవి అధోవాది. ఈ మతమున చాపకు చదరపుటడుగునకు 10 వాట్లు పరిపాటి. వేడి పలకను దాటి, దానిపై టైలును దాటి రావలెను. కావున కాఫీ వేళకు వెచ్చదనము కావలెనన్నచో రెండు మూడు గంటల ముందే టైమరు మేల్కొనవలెను. మఱియొక కష్టము కలదు. పైన కలపనేల యున్నచో దానిని బిగించిన మేకుల మొనలు పలక చీల్చుకొని సందులలోనికి వ్రేలాడుచుండును. వానిని ఒక్కొక్కటిగా కటింగ్‌ప్లేయరుతో త్రుంచిన పిదపనే చాప ముట్టవలెను, ఏలన తీగకు మేకుమొన తగిలినచో కథ అచటనే ముగియును. కళ్లద్దములు లేక ఈ పని చేయువాడు మూర్ఖుడు.

పూర్వపక్షము

పూర్వపక్షి మా బావగారు. ఆయన వాదమిది: "వేడి పైకే కదా పోయేది, బావా? చాప ఉన్నదే నేల కింద. ఇంక దాని అడుగున దూదెందుకు? దూది అమ్ముకోడానికి పెట్టిన షరతు కాకపోతే!" ఈ వాదమునకు పొగ, దీపశిఖ, కాఫీ ఆవిరి మున్నగునవి సాక్ష్యము పలుకును. బేస్‌మెంటు కలిగిన గృహస్థులలో అధికసంఖ్యాకులు బావగారి పక్షమే.

సిద్ధాంతము

పైకి పోవునది వేడిగాలి, వేడి కాదు. గాలి వెచ్చబడి వ్యాకోచించి తేలికై లేచును. కట్టెలోను గచ్చులోను ప్రాకు వేడికిని, కిరణముగా వెలువడు వేడికిని పైక్రిందుల పట్టింపు లేదు. నీరు పల్లమెఱిగినట్లు వేడి చలువనెఱుగును. వంటగది కంటె బేస్‌మెంటు చల్లన. అడుగున దూది లేనిచో చాప పుట్టించిన వేడిలో మంచి భాగము దిగువకే పోయి, అచట మూలనున్న పాత సూట్‌కేసులను, బొమ్మలకొలువు మెట్లను వెచ్చబరచును. దూది వేడిని పైకి నెట్టదు, క్రింది దారి మూయును, అంతే. ఆ దూదికి ఆర్-13 కంటె తక్కువ కాని నిరోధము వలెనని చాప చేయువారు సాధారణముగా నియమింతురు. సందు వెలిగోడను తాకు కొనను కూడ మూయవలెను. ఆ కొన తెఱచియున్నచో వేడి వీధి పాలగును.

బావగారు ఊరకుండలేదు. "సరే బావా, దూది అంత మంచిదైతే పైన కూడా ఓ దళసరి రగ్గు వేద్దాం" అనిరి. ఇది తర్కాభాసము. రగ్గు కూడ దూదియే. క్రిందను పైనను దారి మూసినచో వేడి నడుమ చిక్కి తీగ కాగును, పాదము మాత్రము చల్లగనే యుండును. వేడికి పైదారి ముఖ్యము గనుకనే కవి దూది చోటు చెప్పుటకు ముందే గాలి చోటు చెప్పెను.

పాఠాంతరము

కొన్ని ప్రతులలో "గాలి చోటు విడక" అని కలదు. తొందరగా పని ముగింపదలచిన పనివారు ఈ పాఠమును ఆదరింతురు. విడిచి, విడక రెండును మూడేసి లఘువులే గనుక గణభంగము లేదు. కాని చాపను పలకకు అదిమి కొట్టినచో తీగ సోకినంత మేర కాలును, తీగకును తీగకును నడుమ చల్లబడియుండును. పైన నడచువానికి నేల చారలు చారలుగా తెలియును. ఎడమున్నచో అందలి గాలి వెచ్చబడి సందంతయు వ్యాపించి పలకను సమముగా కాచును. ఛందస్సు రెండు పాఠములను ఒప్పుకొనును, వారంటీ ఒక్కదానినే ఒప్పుకొనును.

ముమ్మారు విచారము

మూడు మార్లు ఏల? మొదటిది, చాపను పెట్టె విప్పినంతనే, చుట్ట సడలింపకముందు. అప్పుడు తప్పు కనబడినచో అది దుకాణమువానిది. రెండవది, దూలములకు బిగించిన పిదప. ఇప్పుడు అంకె మారినచో స్టేపిలు తీగను కఱచినది, అది మనది. మూడవది, దూది కూర్చిన పిదప, అడుగున సీలింగు మూయకముందు.

ఏ అంకె రావలెననగా, 48 చదరపుటడుగుల చాపకు 10 వాట్ల చొప్పున 480 వాట్లు. 120 వోల్టులపై అది 4 ఆంపియర్లు తీసికొనును. 120ని 4తో భాగింపగా 30 ఓములు. మీటరు 30 దరిదాపున, చాప చీటీపై అచ్చువేసిన హద్దులలో నిలువవలెను. అంకె పడక అనంతమని చూపినచో తీగ తెగినది, మిక్కిలి తగ్గినచో లోపల ఒకటినొకటి తాకినవి. తీగకును దాని పైనున్న ఎర్తు కవచమునకును నడుమ మాత్రము అనంతమే రావలెను. అచట అంకె కనబడుట అపశకునము. మూడు అంకెలను తేదీలతో వ్రాసి, సందుల ఫోటోలతో కూడ కరెంటు ప్యానెలు దగ్గఱ ఉంచవలెను. రేపు సీలింగుకు మేకు కొట్టువాడు మన సంతతివాడే కావచ్చును.

నిషేధములు

వేడితీగను కత్తిరింపరాదు. "చోటు చాలలేదు, సగము కోసి కలుపుదము" అను బుద్ధి పుట్టినచో లెక్క వేసి చూడవలెను. సగము తీగకు 15 ఓములే. కరెంటు 8 ఆంపియర్లగును, వాట్లు 960 అగును. తీగ సగమై వేడి రెట్టింపైనందున అడుగు తీగకు నాలుగింతల మంట. తీగపై తీగ రానీయరాదు. అరమరల క్రింద, ఫ్రిజ్ క్రింద చాప వేయరాదు. చాప ఉన్నచోట నేలపై 20 పౌండ్ల సోనామసూరి బస్తా శాశ్వతముగా ప్రతిష్ఠింపరాదు, అదియు దళసరి రగ్గుతో సమానమే. నేలలో వేడి కొలుచు సెన్సరు లేని థర్మోస్టాటు కొనరాదు. కలపనేలకు సాధారణముగా 85 ఫారన్‌హీటు డిగ్రీలు మించనీయరు. అంతకు మించినచో పలకలు ఎండి బీటలు విచ్చును.

విద్యుత్తు విషయమున అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 424వ అధికరణము ప్రమాణము. వంటగదిలోను స్నానాలగదిలోను వేడినేలకు జీఎఫ్‌సీఐ రక్షణ తప్పనిసరి. ఇంచుమించు 5 మిల్లీఆంపియర్లు దారి తప్పినంతనే అది కరెంటు కోసివేయును. తడికాళ్లతో నిలిచినవాని ప్రాణమునకు ఇదియే కాపు.

సంప్రదాయము

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. రోమనులు స్నానశాలల నేలక్రింద పొయ్యిసెగ పాఱించిరి, దానికి హైపోకాస్ట్ అని పేరు. కొరియావారు వంటపొయ్యి పొగను గదినేల క్రింద నడిపించి, దానిపై కూర్చుండి, భుజించి, నిదురించిరి. అది ఒండోల్. ఒండోల్ సంస్కృతిని ఆ దేశము 2018లో జాతీయ వారసత్వముగా గుర్తించినది. ఫ్రాంక్ లాయిడ్ రైట్ అను అమెరికా వాస్తుశిల్పి టోక్యోలో ఒక ప్రభువు ఇంట కొరియా గదిలో కూర్చుండి ఆ వెచ్చదనమునకు ముగ్ధుడయ్యెను. పిదప 1923లో తెఱచిన ఇంపీరియల్ హోటలు స్నానాలగదుల నేలక్రింద కరెంటు వేడి పెట్టించెను. మన అజ్ఞాతకవికి ఇందెవరును గురువులని చెప్పజాలము, చలి మాత్రము అందఱకును ఒక్కటే గురువు.

ఫలము

480 వాట్లు దినమునకు 5 గంటలు వెలిగినచో 2.4 యూనిట్లు. యూనిట్ 20 సెంట్లని పెట్టుకొన్నచో దినమునకు 48 సెంట్లు, 150 దినముల చలికి 72 డాలర్లు. ఇంతకు ఇల్లు వెచ్చబడునా? పడదు. 480 వాట్లనగా గంటకు ఇంచుమించు 1,640 బీటీయూలు. ఇంటి ఫర్నేసు 80,000 బీటీయూలదైనచో ఇది దానిలో యాబదవ వంతునకు కొంచెము ఎక్కువ. కావున ఫర్నేసు మానివేయుదునని ఈ చాప కొన్నవాడు మోసపోవును. అసలు టైలు గదిగాలి కంటె అంతగా చల్లనైనది కాదు. గది ఎంతయో అదియు ఇంచుమించు అంతే. కాని అది తివాచీ కంటె వేగముగా కాలిలోని వేడిని లాగివేయును. ఆ లాగుడును ఆపుటయే చాప పని. కవి గొప్పలు చెప్పక పాదములకు మాత్రమే పండుగ వాగ్దానము చేసెను, చాపలమ్ముకొను ప్రకటనలకు ఈ నిగ్రహము అలవడవలసియున్నది.

గద్య

ఇది మూలగ్రంథమును మెడ నొచ్చునంతవరకు పరిశీలించి, బావగారి పూర్వపక్షములను చాలవఱకు ఖండించి, ప్యానెలులోని పనిని లైసెన్సుగల ఎలక్ట్రీషియనుకే వదలిన వ్యాఖ్యాత రచించిన చలిచాప వ్యాఖ్యయందు ప్రథమాశ్వాసము. ఇన్‌స్పెక్టరు వచ్చి పర్మిట్‌పై సంతకము చేయక సీలింగు మూయరాదు గనుక, ద్వితీయాశ్వాసము ఆయన అపాయింట్‌మెంట్ దొరికిన పిదప.