బుధవారం పుట్టినవాడి పాస్‌పోర్టు

పాస్‌పోర్టు ఇప్పుడు చాలా సులువైపోయిందట. అంతా ఆన్‌లైనేనట. ఇంట్లో కూచునే దరఖాస్తు పెట్టుకోవచ్చట. ఈ మాట చెప్పేవాళ్ళు అబద్ధాలకోరులేమీ కారు, వాళ్ళ ఇళ్ళు అలాంటి చోట్ల ఉన్నాయి, అంతే. పాచిపెంట మండలంలో కొండ మీద ఇల్లున్నవాడు కూడా కూచునే దరఖాస్తు పెట్టుకుంటాడు. కాకపోతే ఇంట్లో కాదు, సిగ్నల్ తగిలే బండ మీద. ఓటీపీ వస్తుంది. గడువు తీరాక వస్తుంది.

సరే, సిగ్నల్ గోల వదిలేద్దాం. టవరు ఇవాళ కాకపోతే రేపు వేస్తారు. నా తగువు వేరే. పాస్‌పోర్టు కౌంటరుకి మనిషితో పెద్దగా పనిలేదు. ఆధార్, ఓటరు కార్డు, బడి టీసీ, పాన్ కార్డు... ఇవన్నీ ఒకే పేరు, ఒకే తేదీ, ఒకే ఊరు, ఒకే జిల్లా చెప్పాలి. ఎక్కడైనా అక్షరం తేడా వచ్చిందా, ‘మిస్‌మ్యాచ్’ అని పక్కన పడేస్తారు. మంచిదే. మరి ఇంత నిలకడ అడుగుతున్న సర్కారు తాను ఏపాటి నిలకడగా ఉందో కూడా ఒకసారి చూడాలి కదా.

ఆ పాచిపెంట వైపే, సాలూరు తాలూకాలో 1949లో పుట్టి, పుట్టిన ఊరు దాటని తాత ఒకాయన ఉన్నాడనుకుందాం. పుట్టినప్పుడు ఆయనది మద్రాసు ప్రావిన్సు, విశాఖపట్నం జిల్లా. మరుసటేడు, 1950లో, శ్రీకాకుళం జిల్లావాడైపోయాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1979లో విజయనగరం జిల్లా. 2014లో రాష్ట్రం పేరు అలాగే ఉంది, సగం రాష్ట్రం పోయింది. 2022 ఏప్రిల్ 4న పొద్దున్న లేచేసరికి పార్వతీపురం మన్యం జిల్లా. ఇంత తిరుగుడూ తిరిగిన మనిషి ఏనాడూ తన మంచమైనా జరపలేదు.

ఈ తాతకి గల్ఫ్‌లో ఉన్న మనవణ్ణి చూడాలని బుద్ధి పుట్టింది. నెట్ సెంటర్‌లో ఫారం తెరిచారు. పుట్టిన జిల్లా ఏది?

“తాతా, ఏ జిల్లా పెట్టమంటావు?”

“నాకేటి తెలుసు బాబూ, నేనిక్కడే ఉన్నాను. జిల్లాలే వస్తన్నాయి, పోతన్నాయి.”

దేశంలో ఏ ఆఫీసులోనూ ఇంతకంటే నిజమైన వాంగ్మూలం దొరకదు. కానీ ఆ వాంగ్మూలం పట్టే గడి ఫారంలో లేదు.

కొత్తగా తీసుకునేవాడి సంగతి ఇది. పాతది మార్చుకునేవాడిది ఇంకో తమాషా. 2016లో తీసుకున్న పాస్‌పోర్టుకి 2026లో గడువు తీరుతుంది. అందులో విజయనగరం జిల్లా అని అచ్చయి ఉంది. ‘మీ చిరునామా మారిందా?’ అని ఫారం అడుగుతుంది. అవునంటే అబద్ధం, ఇల్లు ఉన్నచోటే ఉంది. కాదంటే అదీ అబద్ధమే, కాగితం మీద ఉన్న జిల్లా ఇప్పుడా ఊరికి లేదు. నెట్ సెంటర్ కుర్రాడు ఏదో ఒకదాని మీద క్లిక్ కొడతాడు. ఆ క్లిక్కుని బట్టి పోలీసు విచారణ వస్తుంది. వచ్చిన కానిస్టేబులుకి ‘జిల్లా మారింది గానీ నేను మారలేదు’ అని చెప్పుకోవాలి. ఆయనకీ తెలుసు, ఆయన స్టేషను బోర్డు కూడా మొన్ననే మార్చారు.

మన తాత అదృష్టవంతుడే అనుకోవాలి. పక్కన సాలూరు మండలం మీదికి ఎక్కితే కొటియా గ్రామాలున్నాయి, ఇరవై ఒకటి. ఇవి మావంటే మావని ఆంధ్రా, ఒడిశా కొట్టుకుని 1968లో సుప్రీంకోర్టుకెక్కాయి, ఇప్పటికీ తగువు తెగలేదు. అక్కడివాళ్ళకి రెండు రాష్ట్రాల ఓటరు కార్డులున్నాయి, రెండు రాష్ట్రాల రేషన్ కార్డులున్నాయి. ఓట్ల వేళ ఇద్దరికీ వాళ్ళు ముద్దే. వాళ్ళలో ఒకడు పాస్‌పోర్టుకి దరఖాస్తు పెడితే విశాఖ ఆఫీసు చూడాలా, భువనేశ్వర్ ఆఫీసు చూడాలా? రెండు రాష్ట్రాలు అర్ధశతాబ్దంగా తేల్చుకోలేని సంగతిని ఆ గిరిజనుడు ఒక గడిలో, పెద్దక్షరాల్లో తేల్చేయాలి.

ఇక పుట్టిన తేదీ. ఒడిశా సరిహద్దు వెంబడి కొండల మీద చాలామంది పిల్లల పేర్లు పుట్టిన వారాన్ని బట్టి వస్తాయి. సోమవారం పుడితే సోమ, బుధవారం బుద్ర, శుక్రవారం సుక్ర, ఆదివారం ఐత. ఏ రిజిస్టరూ లేని చోట ఇంత నమ్మకమైన రిజిస్టరు ఇంకోటి లేదు, పిలిచిన ప్రతిసారీ చదివినట్టే. మరి సర్కారు ఏం చేసింది? కార్డు తీసేవాడు ‘ఏ సంవత్సరం?’ అన్నాడు. ‘తుపానొచ్చిన మరుసటేడు’ అని జవాబొచ్చింది. అతను లెక్కలు కట్టి 01-01-1995 అని కొట్టాడు. అలా జనవరి ఒకటిన పుట్టినవాళ్ళు ఊళ్ళకి ఊళ్ళే ఉన్నారు. మిగతా నెలల్లో కొండ మీద పురుళ్ళే పోసుకోనట్టు. 1995 జనవరి 1 ఏ వారమో క్యాలెండరు తీసి చూడండి. ఆదివారం. అంటే బుద్ర ఆదివారం పుట్టాడన్నమాట. తల్లి చెప్పింది తప్పు, సర్వరు చెప్పింది ఒప్పు.

సర్వరు మాటైనా ఒకటి మీద నిలబడుతుందా? 1989 జనవరి 26న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్ళు జనన ధ్రువపత్రం తప్ప ఇంకేదీ చూపించకూడదని ఒకప్పుడు రూలు. 2016 డిసెంబరులో ఆ రూలు తీసేశారు. టీసీ చాలు, పాన్ చాలు, ఆధార్ చాలు, ఆఖరికి ఎల్ఐసీ బాండు ఉన్నా చాలన్నారు. 2025లో మళ్ళీ మార్చారు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకి జనన ధ్రువపత్రం ఒక్కటే దిక్కు. ఈలోగా ఆధార్ మీదే ‘ఇది పుట్టిన తేదీకి రుజువు కాదు’ అని అచ్చేయడం మొదలుపెట్టారు. ఒక ఆఫీసుకి రుజువు, దాని మీద రాతని బట్టి రుజువు కాదు. రోడ్డు లేక గర్భిణిని డోలీలో మోసుకొస్తుంటే దారి మధ్యలో పురుడైపోయిన వార్తలు మన్యం నుంచి ఏటా వస్తూనే ఉంటాయి. ఆ బిడ్డకి రేపు ధ్రువపత్రం రాసేటప్పుడు ‘పుట్టిన స్థలం’ దగ్గర ఏం రాస్తారో ఆ రూలు రాసిన పెద్దలు ఒకసారి కొండెక్కి చెప్పి వెళితే బాగుంటుంది. ఎక్కాలంటే నడవాలి మరి.

పేరు, తేదీ, ఊరు ఎలాగో ఒకటయ్యాయనుకోండి. అప్పుడు అసలు పరీక్ష: పదో తరగతి పాసా, ఫెయిలా? పాసైనవాడు స్వతంత్ర పౌరుడు. ఫెయిలైనవాడి పాస్‌పోర్టులో ఈసీఆర్ అని పడుతుంది. అంటే పద్దెనిమిది దేశాల్లో దేనికైనా, గల్ఫ్ దేశాలతో పాటు మలేసియా వగైరాలకి, పనికి వెళ్ళాలంటే ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ అనే అధికారి అనుమతి కావాలి. 1983 నాటి చట్టం. చదువురానివాణ్ణి దళారులు ముంచేస్తారని దయతలచి పెట్టిన ఏర్పాటు. యాభై ఏళ్ళు దాటినవాడికి ఈ అనుమతి అక్కర్లేదు, ఆ వయసువాణ్ణి ఎవడూ మోసం చేయడని చట్టానికి ధీమా. ఇన్‌కం టాక్సు కట్టేవాడికీ అక్కర్లేదు, డబ్బున్నవాడెప్పుడు మోసపోయాడు గనక!

ఈ దయ 2018 జనవరిలో ఇంకాస్త ముదిరింది. ఈసీఆర్ వాళ్ళ పాస్‌పోర్టు అట్టకి నారింజ రంగు వేస్తామన్నారు, దూరం నుంచే గుర్తుపట్టడానికి వీలుగా. ఊరూవాడా దుమ్మెత్తి పోస్తే నెల తిరక్కుండానే వెనక్కి తీసుకున్నారు. పదో తరగతి లెక్కల పేపరులో పోయిన మార్కులు విమానాశ్రయంలో అందరికీ కనపడాలన్న ఆ ఆలోచన ఏ బుర్రలో పుట్టిందో గానీ, ఆ బుర్ర మాత్రం ఫస్టు క్లాసులో పాసై ఉంటుంది.

ఇంత కాపలా కాశాక మోసాలు ఆగాయా? 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా బాగోతం గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగమని కుర్రాళ్ళని తీసుకెళ్ళి, అక్కడ నిర్బంధించి, మనవాళ్ళకే ఫోన్లు చేయించి సైబర్ దోపిడీ చేయించారు. ఇంగ్లీషు, కంప్యూటరు వచ్చినవాళ్ళని ఏరి మరీ పట్టుకెళ్ళారు. వాళ్ళకి రక్షకుడి అనుమతి అక్కర్లేదు, కంబోడియా ఆ పద్దెనిమిదింటిలో లేనే లేదు. పోనీ పద్దెనిమిదింటికైనా తలుపు గట్టిదా అంటే, పనికి కాదు, చుట్టపు చూపుకని విజిట్ వీసా మీద వెళ్ళేవాణ్ణి ఆ అనుమతి అడగరు. దళారీకి ఈ సంగతి చట్టం రాసినవాళ్ళకంటే బాగా తెలుసు. తెలియనిది బుద్ర ఒక్కడికే.

ఆ విజిట్ వీసాకీ ఒకసారి గండం వచ్చింది. 2022 నవంబరులో యూఏఈ వాళ్ళు, పాస్‌పోర్టులో ఒంటి పేరున్నవాళ్ళని విజిట్, టూరిస్టు వీసాల మీద రానివ్వమన్నారు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఇంటికి పొమ్మన్నారు. కొద్దిరోజులకే, వెనక పేజీలో తండ్రి పేరో, ఇంటిపేరో ఉంటే ఫరవాలేదన్నారు. ఈ రెండు మాటలకీ మధ్య టిక్కెట్టు కొన్నవాడి గతేమిటని అడక్కండి. అరకు కాఫీ గింజని చూసి కుళ్ళుకోవాలి. 2017లో పారిస్‌లో దుకాణమే పెట్టించుకుంది, 2019లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకుంది. దాన్ని ఇంటిపేరేమిటని ఎవరూ అడగలేదు.

మన పెద్దలు రంగం వెళ్ళిన రోజులున్నాయి. విశాఖ, కాకినాడ రేవుల్లో పొగ ఓడెక్కి డెక్కు మీద కూచుంటే బర్మాలో దిగేవారు. 1937 దాకా బర్మా కూడా ఇండియాలో ముక్కే గనక పాస్‌పోర్టు ఊసే లేదు. ఆ బతుకు సుఖమని కాదు. కూలీ మేస్త్రీలు, అప్పులు, రోగాలు, అన్నీ ఉన్నాయి. కానీ ‘నీ పేరులో హెచ్ ఎక్కడ?’ అని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు హైదరాబాదు సాఫ్ట్‌వేరు బాబులకి కూడా మన్యం కష్టం అర్థమవుతోంది. 2025 సెప్టెంబరు 2 నుంచి అమెరికా వీసాకి ఇంటర్వ్యూ అక్కర్లేని డ్రాప్‌బాక్సు పద్ధతి చాలామందికి ఎత్తేశారు. అదే నెలలో కొత్త హెచ్1బీకి లక్ష డాలర్ల రుసుమన్నారు. డిసెంబరు 15 నుంచి హెచ్1బీ వాళ్ళూ, వాళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళూ సోషల్ మీడియా ఖాతాలు తెరిచిపెట్టాలన్నారు. వీసా స్టాంపింగ్‌కని సెలవు పెట్టి వచ్చినవాళ్ళ అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి పోయాయి. ఇల్లు డాలస్‌లో, కారు డాలస్‌లో, మనిషి కూకట్‌పల్లిలో. వీసా కోసం చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసినవాడు, కోరిక తీరాక చేయాల్సిన నూట ఎనిమిది ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియక ధ్వజస్తంభం దగ్గర నిలబడిపోయాడు. వరసలో నిలబడ్డాక రూలు మార్చడం ఎంత అన్యాయమో టీవీల్లో గంటలకొద్దీ చర్చ పెట్టారు. బాగానే ఉంది. ఇదే పని మన సర్కారు మన తాతకి చేస్తే మాత్రం దాన్ని పాలనా సంస్కరణ అంటారు.

విదేశం వెళ్ళడం దయాదాక్షిణ్యం కాదు, వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. ఆ తీర్పు వచ్చాకే పాస్‌పోర్టుల చట్టం హడావిడిగా పుట్టింది. 1978లో మేనకా గాంధీ కేసులో కోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. ఆ హక్కు ఇప్పుడు పదిహేను వందల రూపాయలకి దొరుకుతుంది, తత్కాల్ అయితే ఇంకో రెండు వేలు. పదేళ్ళ హక్కు అంటారు గానీ, చాలా దేశాలు ఆరునెలల గడువు మిగిలి ఉంటే తప్ప రానివ్వవు గనక లెక్కకి తొమ్మిదిన్నరేళ్ళే. ఆ ఆరునెలల డబ్బు వెనక్కివ్వరు.

కాబట్టి నా వినతి ఒక్కటే. మనిషి పేరు మార్చుకుంటే అఫిడవిట్టు రాయించి, రెండు పత్రికల్లో ప్రకటన వేయించి తెమ్మంటారు కదా. ముందు జిల్లా చేత ఒక పాస్‌పోర్టు తీయించండి. టోకెను ఇచ్చి కౌంటరు ముందు కూచోబెట్టండి. పేరు: పార్వతీపురం మన్యం. ఇంటిపేరు పార్వతీపురమా, మన్యమా? పుట్టిన తేదీ: 4-4-2022. 2023 అక్టోబరుకి ముందే పుట్టింది గనక ధ్రువపత్రం తప్పనిసరి కాదు, అదొక్కటే కలిసొచ్చింది. మైనరు, ఐదేళ్ళకే ఇస్తారు, తల్లిదండ్రుల సంతకాలు కావాలి. తల్లి విజయనగరం, పార్వతీపురం డివిజను అటునుంచి వచ్చింది. తండ్రి శ్రీకాకుళం, పాలకొండ డివిజను ఇటునుంచి వచ్చింది. మరి తల్లి పుట్టుక? 1979లో శ్రీకాకుళం, విశాఖపట్నాల నుంచి. అంటే ఈ బిడ్డకి తండ్రీ, తాతా ఒకరే. కౌంటరులో అమ్మాయి తలెత్తి ఒకసారి జిల్లాని చూస్తుంది, ఒకసారి కంప్యూటరుని చూస్తుంది.

“మిస్‌మ్యాచ్ వస్తోందండి. మీ నాన్నగారిని తీసుకురండి.”

“ఏ నాన్నగారమ్మా?”

“నెక్స్ట్ టోకెన్!”